చేతిలో ఫోన్, చెవిలో ఫోన్: బండి నడిపేవారి విషయంలో చట్టం గీసిన గీత ఎక్కడుంది?

2023లో ఒక మెసేజ్ ఆంధ్రప్రదేశ్ అంతటా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బండి నడిపితే 20 వేల రూపాయల జరిమానా అని అందులో ఉంది. అది నిజం కాదని రవాణా శాఖ చెప్పాల్సి వచ్చింది. మెసేజ్ అబద్ధమని తేలింది గానీ, దాని వెనకున్న అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. బండి నడుపుతూ ఫోన్ వాడితే ఎంతవరకు తప్పు, ఎక్కడి నుంచి నేరం?

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరో, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ బయట ఆటోస్టాండులోనో ఈ మాట ఎత్తి చూడండి. చేత్తో పట్టుకుంటేనే తప్పు, బ్లూటూత్‌కి ఏమీ లేదంటారు ఒకరు. చెవిలో ఏది కనబడినా చలానా రాస్తారంటారు ఇంకొకరు. మ్యాప్ పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనకూడదన్నది డెలివరీ కుర్రాళ్ల నమ్మకం. కేరళ హైకోర్టు ఇది నేరమే కాదని ఎప్పుడో తేల్చేసిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ నలుగురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. చిక్కంతా అందుకే వచ్చింది.

ఫోన్ విషయంలో మనకు ఒకే నిబంధన లేదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం రాసినవి ఒకదాని పక్కన ఒకటి పనిచేస్తున్నాయి. ఒకటి జరిమానా సంగతి చూస్తుంది, ఒకటి లైసెన్సు సంగతి చూస్తుంది, మనిషికి దెబ్బ తగిలితే మూడోది రంగంలోకి వస్తుంది. వీటిని విడివిడిగా చూస్తేనే ముడి విడుతుంది.

ఫోన్ కంటే ముందు పుట్టిన చట్టం

మన రోడ్లకు మూలం మోటారు వాహనాల చట్టం, 1988. దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న జరిగింది. కాబట్టి ఆ చట్టం రాసినవారి ఊహలో కూడా ఫోన్ లేదు. అందులోని 184వ సెక్షన్ ‘ప్రమాదకరంగా నడపడం’ గురించి మాత్రమే చెప్పింది. ప్రజలకు అపాయం కలిగేలా వాహనం నడిపితే శిక్ష అని దాని భావం. ఫోన్ మాట్లాడుతూ దొరికినవాడి మీద ఆ సెక్షన్ పెట్టాలంటే, ఆ నడపడం నిజంగా ప్రమాదకరంగా ఉందని చూపించాల్సి వచ్చేది. ‘‘నేను మాట్లాడుతున్నా బండి సరిగ్గానే పోనిస్తున్నాను కదా’’ అన్న వాదనకు అప్పట్లో కాస్త బలం ఉండేది.

కేరళ హైకోర్టు తీర్పు ఆ కాలానిదే. 2018 మే నెలలో వచ్చింది. అక్కడి పోలీసు చట్టంలో, తెలిసి తెలిసి ప్రజలకు ప్రమాదం కలిగించే పని చేస్తే శిక్షించే ఒక నిబంధన ఉంది. డ్రైవింగ్‌లో ఫోన్ మాట్లాడినవారి మీద పోలీసులు దాన్ని వాడేవారు. ఫోన్ మాట్లాడినంత మాత్రాన ఆ నిబంధన కింద నేరం అయిపోదని, ప్రజలకు అపాయం కలిగి ఉండాలని ధర్మాసనం చెప్పింది. తీర్పు ఒక రాష్ట్రపు పోలీసు చట్టం గురించి. పేపర్లలో, టీవీల్లో మాత్రం ‘డ్రైవింగ్‌లో ఫోన్ నేరం కాదు’ అన్న శీర్షికే జనానికి గుర్తుండిపోయింది. ఆ మరుసటి ఏడాదే కేంద్ర చట్టం మారింది గనుక, ఈ రోజు ఆ తీర్పు చూపించి చలానా తప్పించుకునే వీలు లేదు.

2019 సవరణ చేసిన పని

సవరించిన చట్టంలోని శిక్షలు 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 184వ సెక్షన్‌కు ఒక వివరణ జోడించారు. ఎర్ర లైటు దాటడం, ఆగమన్న గుర్తు దగ్గర ఆగకపోవడం, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం, రాంగ్ రూట్‌లో రావడం, వీటితో పాటు ‘చేతిలో పట్టుకునే సమాచార సాధనాన్ని నడుపుతూ వాడటం’ కూడా ప్రమాదకరంగా నడపడమేనని అందులో చెప్పారు.

ఈ మార్పు చాలా పెద్దది. ఇప్పుడు అపాయం కలిగిందని విడిగా చూపించనక్కర్లేదు. వాడాడా లేదా అన్నదే ప్రశ్న. విజయనగరం కోట జంక్షన్‌లో తెల్లవారుజామున రోడ్డు మీద పురుగు కూడా లేని వేళ ఒకాయన స్కూటర్ మీద ఫోన్ చెవికి ఆనించి మెల్లగా పోతున్నాడనుకోండి. 2018లో అయితే వాదనకు తావుంది. ఇప్పుడు లేదు.

శిక్ష ఇలా ఉంటుంది. మొదటిసారి అయితే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మూడేళ్ల లోపు మళ్లీ అదే తప్పు చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. జైలు మాట చూసి కంగారు పడతారు గానీ, ‘లేదా’ అన్న మాట ఉండటం వల్ల జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది.

చాలా కేసులు అసలు కోర్టు దాకా వెళ్లవు. 200వ సెక్షన్ కింద కొన్ని నేరాలను రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన మొత్తం కట్టించుకుని అక్కడికక్కడ ముగించవచ్చు. దీన్నే కాంపౌండింగ్ అంటారు. మనం ‘ఫైన్ కట్టాను’ అనేది సాధారణంగా ఇదే. 184వ సెక్షన్‌లోని మిగతా తప్పులకు ఈ సదుపాయం ఇవ్వకుండా, ఫోన్ వాడకానికి మాత్రమే ఇచ్చారు. ఈ మొత్తాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వుతో ఇక్కడి మొత్తాలు పెరిగాయి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి అడుగుపెట్టగానే చట్టం మారదు. చలానా మీద అంకె మాత్రం మారవచ్చు.

చలానా కట్టాక కూడా ముగియని వ్యవహారం

డబ్బు కట్టేశాం, అయిపోయింది అనుకోవడం ఈ విషయంలో అన్నిటికంటే పెద్ద అపోహ. 2019 సవరణ 200వ సెక్షన్‌కే రెండు షరతులు తగిలించింది. కాంపౌండింగ్‌తో ముగించినా సరే, అది మొదటి తప్పు కిందే లెక్క. అలాగే, డబ్బు కట్టినంత మాత్రాన లైసెన్సు మీద జరిగే చర్య ఆగదు.

లెక్క ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం రోజూ బండి మీద వచ్చే ఒక ఉద్యోగి 2024 జనవరిలో ఫోన్‌తో దొరికి చలానా కట్టాడు. 2025 నవంబరులో మళ్లీ దొరికాడు. రెంటి మధ్య మూడేళ్లు నిండలేదు కనుక ఇది రెండో తప్పు. మొదటిది కోర్టుకు వెళ్లలేదు కదా అన్న వాదన నిలబడదు. అదే రెండోసారి 2027 మార్చిలో దొరికితే మూడేళ్లు దాటిపోయాయి కనుక పెరిగిన శిక్ష వర్తించదు.

ఇక లైసెన్సు. 206వ సెక్షన్‌లో కొత్తగా చేర్చిన నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, 184 కింద తప్పు జరిగిందని నమ్మడానికి కారణం ఉంటే పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనం చేసుకుని రవాణా అధికారికి పంపాలి. అప్పుడు ఇచ్చే రసీదు లైసెన్సుకు బదులు కాదు. అది జేబులో పెట్టుకుని బండి నడపకూడదని చట్టంలోనే రాసి ఉంది. లైసెన్సు తీసుకున్న మనిషి ఆ క్షణం నుంచి బండి నడపలేడన్న సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. ఆటో మీద, క్యాబ్ మీద బతికేవాళ్లకు జరిమానా కంటే ఇదే ఎక్కువ దెబ్బ. నా దృష్టిలో ఈ చట్టంలో జనం అందరికంటే ముందు తెలుసుకోవాల్సిన భాగం ఇదే, ప్రచారం మాత్రం జరిమానా అంకెలకే జరుగుతోంది.

ఆర్టీవో వెంటనే సస్పెండ్ చేసేయలేరు. 19వ సెక్షన్ ప్రకారం ముందు ఆ వ్యక్తి చెప్పేది వినాలి, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉంది. రహదారి భద్రతపై సుప్రీంకోర్టు నియమించిన కమిటీ 2015లోనే, ఫోన్ వాడుతూ నడిపినవారి లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

మ్యాప్‌కు మినహాయింపు, అది తెచ్చిన కొత్త ప్రశ్న

2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒక మాట చేరింది. చేతిలో పట్టుకునే సమాచార సాధనాన్ని నడిపేటప్పుడు దారి తెలుసుకోవడానికి మాత్రమే వాడాలి, అది కూడా డ్రైవర్ ఏకాగ్రత చెడని రీతిలో.

ఇందులో రెండు షరతులున్నాయి. పని దారి చూసుకోవడం అయి ఉండాలి. ధ్యాస చెదరకూడదు. నాతవలస నుంచి గజపతినగరం, సాలూరు మీదుగా ఒడిశా వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఒక కారు డ్రైవర్ ఫోన్‌ను డ్యాష్‌బోర్డు మీది స్టాండులో పెట్టి, మ్యాప్ చెప్పే మాటలు వింటూ పోతున్నాడు. ఇది మినహాయింపులోకి వస్తుంది. రామభద్రపురం దగ్గర దారి తప్పి, బండి కదులుతుండగానే కొత్త ఊరి పేరు టైపు చేయడం మొదలుపెట్టాడు. చేస్తున్నది దారి వెతకడమే అయినా రెండో షరతు తప్పింది. విజయనగరం మయూరి జంక్షన్ దగ్గర డెలివరీ కుర్రాడు హ్యాండిల్ మీది హోల్డర్‌లో మ్యాప్ చూసుకుంటున్నాడు, సరే. అదే తెర మీద కొత్త ఆర్డర్ వచ్చి, 30 సెకన్లలో నొక్కకపోతే పోతుందేమోనని వేలు పెట్టాడు. అది దారి కాదు, వ్యాపారం. అతని బతుకు అలా నొక్కడం మీదే ఆధారపడి ఉంది. చట్టం మాత్రం ఆ ఒత్తిడిని లెక్కలోకి తీసుకోదు. తప్పు నడిపేవాడి మీదే పడుతుంది, ఆ యాప్ తయారుచేసిన కంపెనీ మీద పడదు.

ఇప్పుడు అసలు చిక్కు. ‘చేతిలో పట్టుకునే సాధనం’ అంటే ఏమిటి? ఆ క్షణాన చేతిలో ఉన్నదా, లేక చేత్తో పట్టుకోవడానికి తయారైన వస్తువు ఏదైనానా?

మొదటి అర్థం తీసుకుంటే, ఫోన్ స్టాండులో ఉంటే అది చేతిలో లేదు కనుక దాంతో ఏం చేసినా 184 తగలదు. రెండో అర్థం తీసుకుంటే, ఫోన్ ఎక్కడున్నా ఫోనే, దాన్ని మ్యాప్‌కు తప్ప దేనికీ వాడకూడదు. రెండో అర్థానికి 2020 నిబంధన బలం ఇస్తోంది. చేతిలో ఉన్నప్పుడు మాత్రమే తప్పయితే, స్టాండులో పెట్టుకుని చూసే మ్యాప్‌కు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సిన అవసరం ఏముంది? మరోవైపు, శిక్ష విధించే నిబంధనలో సందేహం ఉంటే నిందితుడికి అనుకూలమైన అర్థమే తీసుకోవాలన్నది కోర్టులు ఎప్పటి నుంచో పాటిస్తున్న సూత్రం. ఆ లెక్కన మొదటి అర్థానికీ బలం ఉంది. ఒకే జిల్లాలో ఒక చోట స్టాండులో ఫోన్‌తో మాట్లాడినవారిని వదిలేయడం, ఇంకో చోట చలానా రాయడం జరిగితే దానికి కారణం ఈ సందిగ్ధమే. నా మటుకు నాకు నిబంధనల ఉద్దేశానికి రెండో అర్థమే దగ్గరగా అనిపిస్తుంది. కానీ మామూలు మనిషికి శిక్ష పడే విషయంలో ఉద్దేశాన్ని ఊహించుకోవాల్సి రావడం మంచి చట్టానికి లక్షణం కాదు.

మెడకీ భుజానికీ మధ్య, హెల్మెట్‌కీ చెంపకీ మధ్య

మన జిల్లాల్లో ఎక్కువగా కనబడే దృశ్యం కారులో బ్లూటూత్ కాదు. బండి మీద మెడ ఒక పక్కకు వాల్చి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి పోవడం. హెల్మెట్ ఉంటే ఫోన్‌ను చెంప పక్క నుంచి లోపలికి తోసేస్తారు. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి కదా అన్నది వాళ్ల వాదన.

రెండో అర్థం ప్రకారం ఇది నేరుగా నేరం. మొదటి అర్థాన్ని ఎంత ఇరుకుగా చదివినా నిలబడటం కష్టం, ఎందుకంటే అక్కడ శరీరమే స్టాండు పని చేస్తోంది. ఫోన్ జారితే చేయి ఆటోమేటిక్‌గా దాని వైపే పోతుంది. మెడ వాలి ఉంటే ఆ పక్క అద్దం కనబడదు. శ్రీకాకుళంలో నాగావళి పాత వంతెన లాంటి ఇరుకు చోట వెనక నుంచి బస్సు హారన్ కొడితే ఏ వైపు తప్పుకోవాలో ఆ మనిషికి అందదు.

బ్లూటూత్: చట్టం ఒక దారి, పరిశోధన మరో దారి

184వ సెక్షన్ మాటల్లో బ్లూటూత్ పేరు లేదు. ఇయర్‌ఫోన్ల పేరూ లేదు. ఫోన్ జేబులోనే ఉండి, స్టీరింగ్ మీది బటన్‌తో కాల్ ఎత్తితే ఆ సెక్షన్ కిందికి తేవడం కష్టమని చాలామంది న్యాయవాదుల వాదన. అయితే లైసెన్సు సంగతి చూసే నిబంధనలో ఇంత సున్నితం లేదు. కేంద్ర నిబంధనల్లో 21వ నిబంధన, లైసెన్సు సస్పెండ్ చేయదగ్గ పనుల జాబితా ఇస్తుంది. అందులో 25వ అంశం ‘వాహనం నడుపుతూ మొబైల్ ఫోన్ వాడటం’. చేయి ప్రసక్తే లేదు. అంటే జరిమానా నిబంధన ఇరుకుగా, లైసెన్సు నిబంధన వెడల్పుగా ఉన్నాయి. బ్లూటూత్‌కి ఏమీ లేదన్నవాడూ, దానికీ చర్య ఉంటుందన్నవాడూ ఇద్దరూ సగం సగం నిజం చెబుతున్నారనడానికి ఇదే ఆధారం.

చట్టం చేతిని ఎందుకు ఎంచుకుంది? చేయి బయటికి కనబడుతుంది. కూడలిలో నిలబడ్డ కానిస్టేబుల్‌కు కనబడుతుంది, కెమెరాకు చిక్కుతుంది, కోర్టులో చూపించవచ్చు. ధ్యాస ఎక్కడుందో ఏ కెమెరాకూ చిక్కదు.

ప్రమాదం మాత్రం ఎక్కువగా ధ్యాస దగ్గరే ఉందంటాయి కొన్ని పరిశోధనలు. 1997లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కెనడాలోని టొరంటోలో ప్రమాదానికి గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లుల వివరాలు తీసి చూశారు. ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం మామూలుకంటే నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. చేతులు వాడకుండా మాట్లాడే పరికరాల వల్ల మేలేమీ కనబడలేదు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగాలూ ఇదే చెప్పాయి. మాటలో పడ్డ డ్రైవర్ కళ్లు రోడ్డు మీదే ఉన్నా, ఎదురుగా ఉన్నదాన్ని చూసీ గుర్తించలేకపోతాడు.

దీనికి ఎదురు ఆధారమూ ఉంది, దాన్ని పక్కన పెట్టకూడదు. డ్రైవర్ల వాహనాల్లోనే కెమెరాలు బిగించి, నెలల తరబడి గమనించిన అధ్యయనాలున్నాయి. 2016లో అమెరికాలో 3,500 మందికి పైగా డ్రైవర్లను పరిశీలించి ప్రచురించిన ఫలితాల్లో, నంబరు నొక్కేటప్పుడు ప్రమాదం దాదాపు 12 రెట్లు పెరిగింది. చేత్తో పట్టుకుని మాట్లాడేటప్పుడు పెరుగుదల రెండు రెట్లకు కాస్త పైన. అంటే కళ్లు రోడ్డు మీద నుంచి పక్కకు పోవడమే అసలు విషమని ఈ వర్గం వాదన. అందువల్ల చూపునూ చేతినీ లాగేసే పనులను నిషేధించి, మాటను వదిలేయడం సబబేనంటారు. బ్రిటన్ ఈ దారినే పట్టింది. అక్కడ 2022 మార్చి నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని ఫొటో తీసినా, పాట మార్చినా, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు చూసినా 200 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పాయింట్లు. హ్యాండ్స్‌ఫ్రీ మాటను మాత్రం నిషేధించలేదు.

రెండు వైపులా ఒప్పుకునే సంగతి ఒకటుంది: తెర చూడటం అన్నిటికంటే చెడ్డది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా కదులుతుంది. మెసేజ్ ఎవరి నుంచి వచ్చిందో చూడటానికి రెండు సెకన్లు తల వంచితే 33 మీటర్లు చూడకుండా వెళ్లినట్టు. 16వ నంబరు జాతీయ రహదారి మీద రణస్థలం దగ్గరో, నరసన్నపేట దగ్గరో గేదె రోడ్డెక్కడానికి, చంటిపిల్లతో ఒక తల్లి డివైడర్ దాటడానికి అంతకంటే తక్కువ దూరమే చాలు.

పాటలు వినే ఇయర్‌ఫోన్లది వేరే సంగతి. పాట వినడం సమాచారం పంపడమూ కాదు, అందుకోవడమూ కాదు కనుక 184లో ఇమడటం కష్టం. కానీ రెండు చెవులూ మూసుకుంటే హారన్, అంబులెన్సు సైరన్ వినబడవు. బయట నిలబడ్డ పోలీసుకు చెవిలో ఉన్నది పాటో, మాటో తెలియదు. ఆ మెసేజ్‌లోని 20 వేల అంకెకు చట్టంలో ఆధారం లేకపోయినా, చెవిలో తీగ చూసి బండి ఆపడానికి కారణం మాత్రం ఉంది.

దేశం మొత్తంలో 1,040 మరణాలేనా?

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2021లో దేశంలో 4,12,432 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,53,972 మంది చనిపోయారు. వాటిలో ఫోన్ వాడకం కారణమని నమోదైనవి 1,997 ప్రమాదాలు, 1,040 మరణాలు. మొత్తం మరణాల్లో ఒక శాతం కూడా లేదు. మితిమీరిన వేగం ఖాతాలో మాత్రం దాదాపు 70 శాతం పడ్డాయి.

ఈ అంకె చూపించి, ఫోన్ గురించి ఇంత హడావుడి ఎందుకని అడిగేవారున్నారు. అడగదగ్గ ప్రశ్నే. జవాబు ఆ లెక్క తయారయ్యే తీరులో ఉంది. కారణాన్ని నమోదు చేసేది ప్రమాదం తర్వాత వచ్చిన పోలీసు. నడిపినవాడు చనిపోయి ఉండొచ్చు, పారిపోయి ఉండొచ్చు, బతికి ఉంటే ‘ఫోన్ మాట్లాడుతున్నాను’ అని తనంతట తాను చెప్పడు. ఫోన్ పది అడుగుల అవతల పొదల్లో పడి ఉంటుంది. వేగానికి అయితే టైర్ల జాడ, బండి నలిగిన తీరు సాక్ష్యం చెబుతాయి. ఫోన్ చూస్తూ వేగం తగ్గించడం మరిచినవాడి ప్రమాదం కూడా చివరికి వేగం కిందే చేరుతుంది. కాబట్టి 1,040 అన్నది ఫోన్ వల్ల పోయిన ప్రాణాల సంఖ్య కాదు, ఫోన్ వల్లనని కాగితం మీదకు ఎక్కిన ప్రాణాల సంఖ్య. అసలు సంఖ్య ఎంతన్నది ఆ పట్టికలు చెప్పలేవు.

కెమెరా పట్టుకుంటే

2021 ఆగస్టులో 167ఏ అనే నిబంధన వచ్చింది. కెమెరాలతో తప్పులు పట్టే విధానం దీనిలో ఉంది. ఎక్కడ పెట్టాలో చెబుతూ ఇచ్చిన నగరాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఉన్నాయి, శ్రీకాకుళం, విజయనగరం రెండూ అందులోవే. కెమెరా ద్వారా పట్టదగ్గ తప్పుల్లో ఫోన్ వాడకం ఒకటి.

నిబంధనలో నడిపేవారికీ రక్షణలున్నాయి. పరికరానికి ఆమోదపు ధ్రువపత్రం ఉండాలి. కెమెరా ఉన్న భాగానికి ముందే హెచ్చరిక బోర్డు కనబడాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసుతో పాటు తప్పును, నంబరు ప్లేటును చూపే ఫొటో, సమయం, స్థలం ఉండాలి. కూడలిలో పోలీసు తన సొంత సెల్‌ఫోన్‌తో తీసే ఫొటోలకు ఈ షరతులు ఎంతవరకు వర్తిస్తాయన్నది దేశవ్యాప్తంగా వివాదంగానే ఉంది.

చలానా వచ్చేది బండి యజమాని పేరున. టెక్కలిలో ఉన్న తండ్రి పేరున బండి, దాన్ని నడిపింది ఎచ్చెర్లలో చదువుకునే కొడుకు. ఫొటోలో కొడుకు చెవి దగ్గర ఫోన్. 133వ సెక్షన్ ప్రకారం పోలీసులు అడిగితే నడిపిందెవరో చెప్పాల్సిన బాధ్యత తండ్రిది. చెప్పకపోతే అదో తప్పు.

ఫోన్‌తో నడిపేది పోలీసో, రవాణా అధికారో అయితే? 210బీ సెక్షన్ ప్రకారం చట్టాన్ని అమలు చేసే అధికారం ఉన్నవారే తప్పు చేస్తే శిక్ష రెట్టింపు.

మనిషికి దెబ్బ తగిలితే

ఇక్కడ మోటారు వాహనాల చట్టం ఒక్కటే కాదు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా వస్తుంది. నిర్లక్ష్యంగా నడపడానికి 281వ సెక్షన్, ఆరు నెలల వరకు జైలు. గాయాలైతే 125. అందులో తీవ్ర గాయమైతే మూడేళ్ల వరకు. ప్రాణం పోతే 106(1), అయిదేళ్ల వరకు. పాత శిక్షాస్మృతిలో 304ఏ కింద ఇది రెండేళ్లే. ఒకే ఘటనకు రెండు చట్టాలూ పెట్టవచ్చా అన్న సందేహాన్ని సుప్రీంకోర్టు 2019 అక్టోబరులో తీర్చింది. పెట్టవచ్చని చెప్పింది.

ఊహించిన ఉదాహరణ ఒకటి. పైడిభీమవరంలో రాత్రి షిఫ్టు దిగి బండి మీద ఇంటికి వస్తున్న కార్మికుణ్ని వెనక నుంచి లారీ గుద్దింది. అతను చనిపోయాడు. డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నాడని దాబా దగ్గరివాళ్లు అన్నారు. పోలీసులు సర్వీసు కంపెనీ నుంచి కాల్ వివరాలు తెప్పిస్తారు. ఏ సమయానికి, ఎంతసేపు, ఏ టవర్ కింద కాల్ నడిచిందో అందులో ఉంటుంది. చేతిలో ఉందా, స్పీకర్‌లో ఉందా, పక్క సీట్లోని క్లీనర్ మాట్లాడాడా అన్నది ఉండదు. వాట్సాప్ కాల్ అయితే మామూలు కాల్ జాబితాలో కనబడదు, ఫోన్‌నే ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపాలి. ఆ కాల్ వివరాల కాగితం కోర్టులో చెల్లాలంటే, సాక్ష్యాలకు సంబంధించిన చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరిన ధ్రువపత్రం జతచేయాలి. అది లేక కేసులు బలహీనపడతాయి. ఇన్ని అంచెలు దాటాక కూడా, ఫోన్ నడిచిందని రుజువవుతుంది గానీ ఫోన్ వల్లే ప్రమాదం జరిగిందన్నది విడిగా రుజువు చేయాలి.

పరిహారం లెక్కలో ఫోన్

ఫోన్ బాధితుడి చేతిలో ఉంటే? ఈ ప్రశ్న మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వస్తుంది. బాధితుడి తప్పు కూడా ప్రమాదానికి దోహదపడిందని తేలితే ఆ మేరకు పరిహారం తగ్గిస్తారు. ఒక కుటుంబానికి రావాల్సింది 20 లక్షలని లెక్క తేలి, చనిపోయిన వ్యక్తి వంతు తప్పు 25 శాతమని నిర్ణయిస్తే చేతికొచ్చేది 15 లక్షలు. ఒక ఫోన్ కాల్‌కు ఆ ఇంటి పిల్లల చదువులో అయిదు లక్షలు పోయాయి.

అందుకే బీమా కంపెనీలు మృతుడి కాల్ వివరాలు దొరికితే వాటిని ముందుకు తెస్తాయి. కాల్ నడిచిందని చూపితే సరిపోతుందా? సుప్రీంకోర్టు 2020లో ఒక కేసులో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. బండి మీద ముగ్గురు ప్రయాణించారని పరిహారంలో కోత పెట్టిన హైకోర్టు నిర్ణయాన్ని అది కొట్టేసింది. నిబంధన ఉల్లంఘించడం వేరు, ఆ ఉల్లంఘనే ప్రమాదానికి కారణం కావడం వేరు అని, రెంటికీ మధ్య సంబంధం చూపాలని చెప్పింది.

అదే సూత్రం ఫోన్‌కు వర్తింపజేస్తే, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో సిగ్నల్ దగ్గర ఆగి ఫోన్ చూస్తున్నవాణ్ని వెనక నుంచి బస్సు గుద్దితే ఆ ఫోన్‌కూ ప్రమాదానికీ సంబంధం లేదు. చలానాకు అర్హుడా కాదా అన్నది కూడా చర్చే, ఎందుకంటే ఆగి ఉన్న బండిలో కూర్చోవడం ‘నడపడం’ అవుతుందా అని మన చట్టం ఎక్కడా నిర్వచించలేదు. అతనే మాట్లాడుతూ తన వైపు వదిలి ఎదురు లేన్‌లోకి జారితే సంబంధం స్పష్టం. ఈ రెంటి మధ్య ఉన్న వందల కేసుల్లో తీర్పు ఎటు మొగ్గుతుందన్నది ఘటనాస్థలి పంచనామా, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఆ రోజు అక్కడ నిలబడి చూసినవాళ్ల మాటల మీద ఆధారపడుతుంది. తప్పు చనిపోయినవాడిదని నిరూపించే భారం బీమా కంపెనీదే.